అయిదో గొట్టం

ఉదయం తొమ్మిదింపావుకి, పోర్టు ఆఫీసు రెండో అంతస్తులో, డెక్కు లైసెన్సుల ఇన్‌స్పెక్టరు చనిపోయాడు. కుర్చీలో కూర్చునే పోయాడు. కుడి గుప్పిట్లో రబ్బరు స్టాంపు అలాగే ఉంది. దాని మీద సిరా ఇంకా ఆరలేదు. కానీ ఆయన స్టాంపు వేసిన కాగితం మాత్రం బల్ల మీద లేదు. మెడ వెనక, కాలరుకి కాస్త పైన, దోమ కుట్టినట్టు ఒక ఎర్రచుక్క.

పదిన్నరకల్లా ఈ కబురు కంటి ఆసుపత్రి వరండాలోని బెంచీకి చేరింది. అక్కడ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. సీక్రెట్ సర్వీసుకి ఆయన చీఫ్. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకున్నాడు. అది మారువేషమేమీ కాదు, నిజంగానే శుక్లం తీయించుకున్నాడు.

ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి డిపార్టుమెంటులో అందరూ గుమాస్తా అంటారు. యాభై రెండేళ్ళు, బట్టతల, రెండు మోకాళ్ళూ నొప్పి. ఏ ఆఫీసులో అడుగుపెట్టినా అక్కడివాడే అనిపిస్తాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అతన్ని బతికించింది ఆ మొహమే. భర్త తూనికలూ కొలతల శాఖలో పనిచేస్తున్నాడని అతని భార్య ఇప్పటికీ నమ్ముతోంది. నమ్ముతోందో, అడిగి అడిగి విసిగిపోయి ఊరుకుందో అతనికీ తెలియదు.

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. మూడు రోజుల కింద సైన్యం కోడ్ మెషీన్లు బాగుచేసే మెకానిక్ మాయమయ్యాడు. ఒక విదేశీ ముఠా అతన్ని ఓడలో దాటించబోతోంది. ఈరోజు బయల్దేరే ఓడల్లో డెక్కు లైసెన్సు, అంటే పైతట్టు మీద సరుకు వేసుకునే అనుమతి, ఉన్నది ఒక్కదానికే. ముందుభాగంలో గొర్రెలు, వెనకభాగంలో బొగ్గు. ఆ లైసెన్సు తొమ్మిదిన్నరకి ఓడకి చేరింది. అంటే దాని మీద స్టాంపు వేసింది చచ్చిపోయిన చెయ్యి.

సోదా చేయించొచ్చు కదా అని గుమాస్తా అడిగాడు. విదేశీ జెండా ఉన్న ఓడ, ఎంబసీ అనుమతి రావాలంటే మూడు రోజులు పడుతుంది, ఓడ మధ్యాహ్నం మూడింటికే కదులుతుంది అని పెద్దాయన చెప్పాడు. ఏ జెండా ఉన్నా, ఎవర్నీ అడక్కుండా ఓడ ఎక్కే హక్కు ఉన్నది డెక్కు లైసెన్సుల ఇన్‌స్పెక్టరుకి ఒక్కడికే.

"ఆ ఉద్యోగం ఇప్పుడు ఖాళీగా ఉంది" అన్నాడు పెద్దాయన. "నువ్వు ఓడ ఎక్కు. నేను వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుంటా. ఏ కబురున్నా అక్కడికే పంపు."

ఓడలో మనకో మనిషి ఉంది, గొర్రెలకి సర్టిఫికెట్లు ఇచ్చే పశువైద్యురాలు, అని కూడా చెప్పాడు. అయితే ముఠాకి కూడా ఆమె మనిషే అన్నాడు. పన్నెండేళ్ళుగా రెండువైపులా పనిచేస్తోంది. అసలు ఏ వైపుదో తేల్చే ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఆయనకీ తెలియదు.

ఓడ ఎక్కేముందు గుమాస్తా ఇన్‌స్పెక్టరు ఇంటికి వెళ్ళాడు. రూల్సు తెలియకుండా ఇన్‌స్పెక్టరు వేషం వేస్తే పది నిమిషాల్లో దొరికిపోతాడు. బంధువులింకా రాలేదు. ఇన్‌స్పెక్టరు భార్య వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. ఆఫీసు నుంచి ఎవరో తిరిగి తెచ్చిచ్చిన టిఫిన్ క్యారియరు ఆమె ముందుంది. మూత కూడా తీయలేదు.

ఆఫీసువాణ్ణని చెప్పి, సారు రూల్సు పుస్తకం కావాలన్నాడు. ఆమె లేచి, దిండు పక్కన ఉన్న పుస్తకం తెచ్చి ఇచ్చింది.

"నిన్న అన్నం తింటూ ఏదో చెప్పబోయారు అన్నయ్యగారూ" అంది. "ఆ ఓడ మీద ఏదో లెక్క తప్పిందన్నారు. నాకు వంటింట్లో పనుంది, సరిగ్గా వినలేదు. రోజూ అవే కబుర్లు కదా, గొర్రెలూ, బొగ్గూ."

పుస్తకం జాగ్రత్తగా తెచ్చిస్తానన్నాడు గుమాస్తా.

ట్యాక్సీలో చదువుతూ వెళ్ళాడు. పశువులున్న డెక్కు మీద బొగ్గు వేస్తే మధ్యలో ఆరడుగుల దారి వదలాలి. బొగ్గు కుప్ప మనిషి భుజం దాటకూడదు. ఓడ మీద పుట్టిన పిల్లని కూడా లెక్కలో వేయాలి. దాదాపు ప్రతి పేజీలోనూ పెన్సిలు గీతలున్నాయి. ఇరవై ఏళ్ళు ఎవరూ చదవని పుస్తకాన్ని ఒక మనిషి ఇంత శ్రద్ధగా చదివాడని తలుచుకుంటే గుమాస్తాకి నీరసం వచ్చింది.

ఒంటిగంటన్నరకి ఓడ ఎక్కాడు. నెత్తిన ఇన్‌స్పెక్టరు టోపీ, చంకలో పుస్తకం, జేబులో డిపార్టుమెంటు ల్యాబ్ తయారుచేసిన స్టాంపు. దాని పిడిలో ట్రాన్స్‌మిటరు ఉంది. రెండుసార్లు గట్టిగా నొక్కితే పది నిమిషాల్లో గస్తీ బోటు వస్తుంది.

కెప్టెను సన్నటి మనిషి. మర్యాదగా లైసెన్సు చూపించాడు. ఆరువందల నలభై గొర్రెలు, ఎనభై టన్నుల బొగ్గు. కెప్టెను కింది అధికారి మేట్ మాత్రం చేతులకి తోలు గ్లవుజులు తొడుక్కుని, గుమాస్తా మెడ వైపే చూస్తూ నిలబడ్డాడు. కొత్త ఇన్‌స్పెక్టరు ఇంత త్వరగా వస్తాడని వాళ్ళు అనుకోలేదు.

గొర్రెల దొడ్ల మధ్య నుంచి ఆమె వచ్చింది. నల్లకళ్ళద్దాలు, మెడలో ఎర్ర పట్టు స్కార్ఫు, మోకాళ్ళ దాకా బూట్లు. ఆ పేడలో కూడా నేల మీద కాలు ఆననట్టే నడిచింది.

"వాన వచ్చేలా ఉందా డాక్టరుగారూ?" అన్నాడు గుమాస్తా. అది కోడ్.

"మీ గొడుగుని అడగండి" అంది ఆమె. అది జవాబు.

మేట్ దూరం వెళ్ళాక, మెకానిక్ గొర్రెల దొడ్ల కింద, మేత నిల్వచేసే అరలో ఉన్నాడని చెప్పింది. గుమాస్తా వంగి, పాకి, గంటసేపు ఆ అరలన్నీ వెతికాడు. గడ్డి తప్ప ఏమీ లేదు. ఒక పొట్టేలు పొడిస్తే మూత్రపు మడుగులో పడ్డాడు. లేచి జేబులోంచి స్టాంపు తీశాడు. రెండుసార్లు నొక్కితే పిడిలోంచి చుక్కలు కారాయి. ల్యాబ్‌లో దాన్ని నీళ్ళలో ముంచి పరీక్షించారు కానీ, ఇది వాళ్ళ ఊహకి అందలేదు.

ఇంతలో కాళ్ళ కింద ఇంజను వణికింది. ఓడ కదిలింది. పైలటు ఎక్కేశాడు. రేవు నోటి దాకా ఓడని నడిపేది ఆయనే. రేవు హద్దుకి గుర్తుగా నీళ్ళ మీద తేలే చివరి బాయ్ దగ్గర ఆయన దిగిపోతాడు. అక్కణ్ణించి అంతా పరాయి నీళ్ళు. మిగిలింది నలభై నిమిషాలు.

డాక్టరు తన సమయం తినేసిందని గుమాస్తాకి అర్థమైంది. కోపం కూడా రాలేదు. బొగ్గు కుప్ప దగ్గరికి నడిచి, పుస్తకం తెరిచాడు. బొగ్గు లోపల్లోపల వేడెక్కి అంటుకోవచ్చు, అందుకని కుప్పలోకి ఇనప గొట్టాలు దించి, రోజూ వేడి చూడాలి. ఎనభై టన్నులకి నాలుగు గొట్టాలు. ఆ నాలుగు కింద పెన్సిలు గీత రెండుసార్లు గీసి ఉంది.

లెక్కపెట్టాడు. అయిదున్నాయి.

నాలుగింటికి మూతలున్నాయి, అయిదోదానికి లేదు. చేతి గడియారం విప్పి, దాని అద్దం ఆ గొట్టం మీద పెట్టాడు. అద్దం మసకబారింది. ఆరిపోయింది. మళ్ళీ మసకబారింది. కింద ఒక మనిషి ఊపిరి పీలుస్తున్నాడు.

"ఇనప తొట్టెలో పెట్టారు" అంది వెనక నుంచి డాక్టరు. ఆమె చేతిలో సిరంజి ఉంది. చెయ్యి కిందికి వేలాడుతోంది. "మత్తుమందు నాదే. ఇంకో మూడు గంటలు పనిచేస్తుంది."

"ఇన్‌స్పెక్టరుకి ఇచ్చింది కూడా మీదేనా?"

"మేట్ అడిగాడు, ఇచ్చాను. ఎవరికని అడగలేదు." నల్లకళ్ళద్దాలు తీసేసింది. కళ్ళ కింద నల్లటి వలయాలు. "చాలా ఏళ్ళుగా ఎవర్నీ ఏమీ అడగడం మానేశాను. మీకు అర్థమవుతుందనుకుంటా."

అర్థమైంది. అందుకే అతను సిరంజి వైపు చూడలేదు. ఆ ఇన్‌స్పెక్టరు భార్య పొద్దుట్నించీ గడప దగ్గరే కూర్చుని ఉందని మాత్రం చెప్పాడు.

దొడ్ల వైపు ఒక గొర్రె బాధగా అరిచింది. డాక్టరు అటు తిరిగి చూసి, సిరంజి సముద్రంలోకి విసిరేసి, స్వెట్టరు చేతులు పైకి మడుచుకుంటూ వెళ్ళిపోయింది. నెలలు నిండిన గొర్రె, ఓడ ఊపుకి నొప్పులు మొదలయ్యాయి.

గుమాస్తా కుప్ప పక్కనే నిలబడి ఆలోచించాడు. మనిషున్నాడని పైలటుకి చెబితే, మేట్ ఒక్క తన్నుతో ఆ గొట్టం పూడ్చేస్తాడు. తర్వాత పైలటుకీ మెడ మీద ఎర్రచుక్క పడుతుంది. గొట్టం మాట ఎత్తకుండా ఓడ ఆగాలి. ఒక గుమాస్తా ఎలా ఆపుతాడో అలాగే ఆపాలి.

చివరి బాయ్ కనిపిస్తుండగా పైలటు ఓడ నడిపే గదిలోంచి దిగి వచ్చాడు. లావుపాటి మనిషి, ఇంటికెళ్ళి పడుకోవాలన్న తొందరలో ఉన్నాడు. ఆయన్ని తీసుకెళ్ళే పడవ ఓడ పక్కకి వచ్చేసింది. తాడు నిచ్చెన మీద ఒక కాలు కూడా పెట్టాడు.

"పైలటుగారూ, లెక్క తప్పింది" అన్నాడు గుమాస్తా, పుస్తకం తెరిచి పట్టుకుని. "లైసెన్సులో ఆరువందల నలభై. ఇప్పుడు ఆరువందల నలభై ఒకటి. రూలు ముప్ఫై ఒకటి."

దొడ్డి దగ్గర డాక్టరు తడితడిగా ఉన్న గొర్రెపిల్లని ఎర్ర స్కార్ఫుతో తుడుస్తోంది. పైలటు దాన్ని చూశాడు, పుస్తకం చూశాడు, చిరాగ్గా నిట్టూర్చాడు. లెక్క తేడా ఉన్న ఓడని బాయ్ దాటిస్తే పోయేది ఆయన లైసెన్సే.

కెప్టెను మర్యాద తగ్గకుండానే మాట్లాడాడు. "ఇంత చిన్నదానికి ఓడ ఆపడం దేనికి? దాన్ని సముద్రంలో పడేస్తే లెక్క సరిపోతుంది."

మేట్ అప్పటికే దొడ్డి వైపు నడుస్తున్నాడు. పైలటు తల గోక్కున్నాడు. ఆ మాటా రూలుకి విరుద్ధంగా లేదు. కింద పడవవాడు త్వరగా దిగమని కేకేశాడు. పైలటు రెండో కాలు కూడా నిచ్చెన మీద పెట్టాడు.

గుమాస్తా దగ్గర ఇంకో రూలు లేదు. డాక్టరు వైపు చూశాడు. ఆమె పిల్లని ఒళ్ళోంచి దించలేదు. రెండో చేత్తో తల్లి కడుపు తడిమి, తల ఎత్తకుండానే చెప్పింది.

"కవలలు. ఇంకోటి వస్తోంది. ఎంతసేపు పడుతుందో చెప్పలేను."

పైలటు నిచ్చెన మీంచి మళ్ళీ డెక్కు మీదికి వచ్చాడు. "ఎన్ని పుడతాయో తేలేదాకా కదిలేది లేదు. లంగరు వెయ్యండి" అన్నాడు. రేడియో తీసి, గొర్రెలు లెక్కపెట్టే సిబ్బందిని పంపమని లైసెన్సు ఆఫీసుకి కబురుపెట్టాడు.

ఆ రేడియో మోగింది పెద్దాయన ముందు. ఇరవై నిమిషాల్లో లెక్కపెట్టేవాళ్ళు ఇరవై మంది వచ్చారు. గొర్రెలు లెక్కపెట్టడానికి అంత మంది దేనికని కెప్టెనుకి అనుమానం వచ్చేసరికి, అందరూ డెక్కు మీదే ఉన్నారు. అంతవరకూ గుమాస్తా ఆ గొట్టాన్ని ఆనుకుని, కాళ్ళు చాపుకుని, పుస్తకం చదువుతున్నట్టు కూర్చున్నాడు. మేట్ రెండుసార్లు అటు వచ్చి వెళ్ళాడు. ముసలి ఇన్‌స్పెక్టరు మోకాళ్ళ నొప్పితో కూలబడ్డాడనుకున్నాడు. ఆ నొప్పి మాత్రం నిజమే.

మెకానిక్‌ని నలుగురు కలిసి బొగ్గులోంచి లాగారు. తెలివి వచ్చాక మంచినీళ్ళు అడిగాడు. మేట్ గ్లవుజు విప్పితే, ఉంగరంలో సూది దొరికింది.

డాక్టరు పారిపోవడానికి ప్రయత్నించలేదు. రెండో పిల్ల ఏదని గుమాస్తా అడిగితే లేదంది. పన్నెండేళ్ళలో ఎవరూ చెప్పమనకుండా చెప్పిన అబద్ధం ఇదొక్కటే అంది. సంకెళ్ళు వేసేముందు చేతులు కడుక్కుంటానని అడిగింది. అతను బకెట్టుతో నీళ్ళు పోశాడు. మంచిమాట ఏదైనా చెప్పాలనిపించింది కానీ, ఇన్‌స్పెక్టరు మెడ గుర్తొచ్చి ఊరుకున్నాడు.

మర్నాడు పుస్తకం తిరిగివ్వడానికి వెళ్ళాడు. ఇల్లు బంధువులతో నిండిపోయి ఉంది. ఇన్‌స్పెక్టరు భార్య అతన్ని పక్కగదిలోకి పిలిచింది.

"సారు చెప్పబోయింది గొట్టాల సంగతమ్మా" అన్నాడు. "నాలుగుండాల్సిన చోట అయిదున్నాయి. అది ఆయన చూడబట్టి ఒక మనిషి బతికాడు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "అయిదా" అంది మెల్లిగా. ఆ మాట ఈసారి సరిగ్గా వినాలనుకున్నట్టు, మళ్ళీ చెప్పమంది. అతను మళ్ళీ చెప్పాడు.

కేసు తీర్పు వచ్చిన వారానికి, గుమాస్తా పంపిన రిపోర్టు లైసెన్సుల హెడ్డాఫీసు నుంచి అభ్యంతరంతో తిరిగొచ్చింది. బొగ్గు కుప్పలో ప్రాణంతో ఉన్న సరుకు ఒకటి దొరికినట్టు రాశారు, ప్రాణమున్న ఏ సరుకుకైనా పశువైద్యుల సర్టిఫికెట్ తప్పనిసరి, వెంటనే జతచేయగలరు అని ఉంది. అతను రెండుసార్లు చదువుకుని, కింద ఇలా రాసి సంతకం పెట్టాడు: "డాక్టరుగారు ప్రస్తుతం సెలవులో ఉన్నారు. పద్నాలుగేళ్ళ తర్వాత పంపబడును."