పద్నాలుగో బ్యాచ్ నురగ

శుక్రవారం ఉదయం 10.40. వనపర్తి శివారులో కిష్టయ్య నడిపే ఆయుర్వేద మందుల కేంద్రం.

స్టోర్ రూమ్‌కు బయట తాళం. లోపల సత్యమ్మ.

"ఎప్పటి నుంచి?" డ్రగ్ ఇన్‌స్పెక్టర్ రెబెకా అడిగింది.

"ఏడున్నర నుంచి మేడం. పారిపోతదని పెట్టిన," అన్నాడు కిష్టయ్య. "పోలీసులకు ఫోన్ చేసిన. వస్తున్నరు."

"ముందు తాళం తీయండి."

గదికి కిటికీ లేదు. సత్యమ్మ అట్టపెట్టెల మధ్య ఒదిగి కూర్చుంది. ఇరవై ఏళ్లుగా ఇక్కడ మందు నెయ్యి కాచిన మనిషి. ఇప్పుడు దొంగతనం కేసులో జైలుకు పోవడానికి జీపు రావడమే తరువాయి. రెబెకాకు ఒళ్లు మండింది.

ల్యాబ్ రిపోర్టు సూటిగా ఉంది. పద్నాలుగో బ్యాచ్ బ్రాహ్మీ ఘృతంలో నెయ్యి లేదు. అంతా పామాయిలే. నెయ్యి అసలుదో కాదో తేల్చే ఆర్‌ఎం విలువ ఇరవై ఎనిమిది దరిదాపుల్లో రావాలి, ఒకటి కూడా దాటలేదు. నలభై కిలోల ఆవు నెయ్యి మాయం.

"పొయ్యి మీద ఉన్నది అసలు నెయ్యే మేడం," సూపర్‌వైజర్ సుదర్శన్ అన్నాడు. "నేనే కాచిన. దించినంక ఈమెకు అప్పజెప్పిన. మందు పెట్టిన గది తాళంచెవి ఈమె దగ్గరనే. సీసాలల్ల నింపేటప్పుడు మార్చింది. బ్యాచ్ షీట్ మీద వేలిముద్ర గూడ ఉంది."

"పొయ్యి ఎక్కేదాకా నెయ్యి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరనే."

రెబెకా సత్యమ్మ వైపు తిరిగింది. "రోజూ కాచేది నువ్వే కదమ్మా. ఆ రోజు ఎందుకు కాయలేదు?"

"సీసాలు కడుగుపో అన్నడు ఈ సుదర్శన్ సారు, మేడం. పొయ్యికాడికి రానియ్యలే."

"మందు అయ్యిందని ఎట్లా తెలుస్తుంది?"

"నెయ్యికైతే ఆఖర్ల నురగ అణగాలె. నూనెకైతే పొంగాలె. మా అత్త నేర్పింది."

రెబెకా బ్యాచ్ షీట్ తీసింది. సుదర్శన్ చేతిరాత. పైకే చదివింది.

"సాయంత్రం 4.20. నురగ బాగా పొంగింది. దించాం."

షీట్ సుదర్శన్ ముందు పెట్టింది.

"తేడా తెలియక చూసింది చూసినట్టే రాశావు. నురగ పొంగిందంటే గిన్నెలో ఉన్నది నూనె. అంటే పొయ్యి ఎక్కకముందే నెయ్యి మాయమైంది. అప్పుడది నీ దగ్గరే ఉంది. సత్యమ్మ చూస్తే ఇట్టే పట్టేస్తుందని ఆమెను సీసాల దగ్గరికి తోలావు."

సుదర్శన్ గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎస్సై నిలబడి ఉన్నాడు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారని పెద్దలు ఊరికే అనలేదు.

11.25కు ఎస్సై సత్యమ్మ వాంగ్మూలం రాయడం ముగించాడు. కిష్టయ్య తలొంచుకుని ఇంకు ప్యాడ్ ఆమె ముందుకు జరిపాడు.

"తప్పైంది సత్యమ్మా. గీడ వేలేసి ఇంటికి పో."

సత్యమ్మ బొటనవేలు పిడికిట్లో దాచుకుంది.

"ముందుగాల సదువుండ్రి సేటు. ఇన్నేండ్లల్ల ఒక్క కాయితం నాకు సదివి ఇనిపియ్యలే. ఆ దినం గీ నురగ మాట సదివుంటే అప్పుడే చెప్తుంటి."

రెబెకా కాగితం అందుకుని, మొదటి మాట నుంచి నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది.