హాజర్ పలికిన

నేను ఏడో తరగతి దాకే చదివిన. మిగతా చదువంతా గడ్డపోతారం కంపెనీల, మందుల డ్రమ్ముల మీద లేబుళ్లు అంటించుకుంటనే అయింది. అయినా నా భార్య రేఖ రొమ్ముల గడ్డ గురించి డాక్టరమ్మ చెప్తుంటే అన్నీ తెలిసినోని లెక్క తలూపిన. జల్దీ పాకే రకమట, హార్మోను గోళీలకు లొంగదట. కీమోతో పాటు, ఒంట్లోని రోగనిరోధక శక్తిని నిద్రలేపే ఇమ్యునోథెరపీ కూడా ఎక్కించాలట. నాకైతే అది పుట్టినప్పటి సంది పండుకునే ఉన్నది మేడం అన్న. ఆమె నవ్వలేదు.

ఆ రోజు ఐదో విడత. ఈసారీ గడ్డ కరగకపోతే ఈ మందు ఆపుడే అని ముందే చెప్పిన్రు.

మధ్యాహ్నం మూడు. వార్డుల ఏసీ చలి, స్పిరిటు వాసన. అలర్జీ రాకుండా ఇచ్చిన సూదికి రేఖ మత్తుగ పడుకున్నది. మంచం చుట్టూ పచ్చ తెర. అవతలి మంచం ఖాళీ. ఇవే రెండు మందులు ఎక్కించుకున్న రాజవ్వది ఆ మంచం. వెంట్రుకలు రాలినంక గూడ గోడ దిక్కు తిరిగి తల దువ్వుకుంటుండేది. ఆమె చనిపోయి రెండు నెలలు.

కరెంటు పోయింది. మందు పంపు ఒక్కసారి కూసి ఊకున్నది.

తెర అవతల నుంచి, మెల్లగ... "రేఖా..."

మా కంపెనీల షిఫ్టు మొదట్ల సూపర్వైజర్ పేర్లు పిలుస్తడు. నాతోటి పనిచేసే లింగం రాకున్నా లింగం పేరుకు పలికేది నేనే. పదేండ్ల అలవాటు. పేరు వినబడితే చాలు, నా నోరు నన్ను అడగదు.

"హాజర్," అన్న.

తెర లోపలికి ఉబ్బింది... ఎవరో ఆనుకున్నట్టు. కిందికి చూసిన. కాళ్లు లేవు. తెర గుంజిన. ఎవరూ లేరు. దూరంగ టేబుల్ కాడ కూర్చున్న సిస్టర్ నిషిత, తాను పిలవనే లేదన్నది.

వెనక్కి తిరిగిన. రేఖ కండ్లు తెరిచే ఉన్నయి.

"ఎవలకు పలికినవ్?"

"సిస్టర్‌కు."

"గది రాజవ్వ." గొంతు ఇంకా తగ్గించింది. "సచ్చిపోయిన కాన్నుంచి, నేనొచ్చిన ప్రతిసారి పిలుస్తది. పండ్లు బిగబట్టి ఊకుంటున్న... ఒక్కసారి గూడ పలకలే. నువ్వు పలికినవ్."

ఏదన్నా ఎకసెక్కం ఆడుదామనుకున్న. తెర మళ్ల మూసి ఆమె దుప్పటి సర్దిన.

పది రోజులకు స్కాన్. గడ్డ కరగలేదు. కాలేయంలకు పాకింది. మందు ఆపిన్రు. ఇగ ఇంటికాడనే మంచిగ చూసుకోమన్నరు.

బీరంగూడల మా కిరాయి రూముకు వచ్చినం. రేఖ గోడ దిక్కు మొకం పెట్టి కూర్చొని తల దువ్వుకుంటున్నది. కీమోకు ఆమె వెంట్రుకలన్నీ రాలి మూడు నెలలైంది.

ఆ బోడగుండు మీద దువ్వెన... చిక్కుల కాడ ఆగి, ఆగి, దిగుతున్నది.