ఎడమవైపు కొలత

వాపసు వచ్చిన పొట్లం మీద ‘కొలత తప్పు’ అని మాత్రమే ఉంది. పంపిన మనిషి పేరుండవలసిన చోట ‘వేపపూత 4417’ అని ఉంది. అది మరుగుపేరు. ఒక్క బేరానికి ఒక్క పేరు. సరుకు చేరిన ముప్పయ్యో రోజున ఆ పేరూ, దాని వెనకున్న ఊరూ, కొలతలూ అన్నీ చెరిగిపోతాయి. మరుగు చట్టం వచ్చి పంతొమ్మిదేళ్లయింది. అమ్మేవాళ్లకు కొనేవాళ్ల మొహం తెలియదు.

సుభాషిణి ముప్పయ్యేళ్లుగా చీరాలలో జాకెట్లు కుడుతోంది. వాపసు ఆమెకు కొత్త. నీలం నేత జాకెట్టును బల్ల మీద పరిచి, టేపు పెట్టి చూసింది. కుట్టు తిన్నగానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. వచ్చిన కొలతల్లో ఎడమవైపు కుడివైపుకన్నా రెండంగుళాలు తక్కువుంది. కొలతద్దం పొరపాటు పడిందనుకుని, ఆ అంకెను తనే దిద్ది, రెండువైపులా సమానంగా కుట్టి పంపింది.

కొలతద్దం లేని ఇల్లు లేదిప్పుడు. దాని ముందు నిలబడితే ఒంటిమీద ఉన్నదాన్ని ఉన్నట్టు కొలిచి, అంకెలు పంపి, మనిషి రూపాన్ని అక్కడికక్కడే మరిచిపోతుంది.

వాపసుతో పాటు కొలతలు మళ్లీ వచ్చాయి. మళ్లీ అదే రెండంగుళాల తేడా. అద్దం తప్పు చెప్పలేదు. ఆ మనిషికి ఆపరేషనులో ఎడమ రొమ్ము తీసేసి ఉంటారు. ఆమె నోరు విప్పి చెప్పుకోలేనిదాన్ని అంకెల్లో చెప్పింది. తనేమో ఆ అంకెను కొట్టేసి, లేనిదానికి చోటుంచి కుట్టి పంపింది. ఆ జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డప్పుడు, ఖాళీగా వేలాడే ఆ ఎడమవైపును ఆమె ఎట్లా చూసుకుని ఉంటుందో!

పక్క మిషను మీద కుట్టే కరీమున్‌కు సంగతి చెప్పింది. ఒక్క చీటీ రాసి పొట్లంలో పెడతానంది. కరీమున్ పాదం మిషను మీద నుంచి తీసేసింది.

“ఊహానేరం అక్కా. లైసెన్సు పోద్ది.”

“తప్పు నాదని రాస్తే కూడానా?”

“ఆ తప్పేందో నీకు తెలిసిందని ఆమెకు తెలిసిపోద్ది కదా. అదే నేరం.”

ఆ చట్టాన్ని ఎవరు తిట్టినా కరీమున్ ఊరుకోదు. చట్టం రాకముందు వాళ్ల పెద్దక్క మూర్ఛ మందులు కొన్న సంగతి, ఇంట్లో వాళ్లు చెప్పకముందే పెళ్లివారికి చేరిపోయింది. కుదిరిన సంబంధం చెడింది. ఏ అంగడి నుంచి ఎవరి చేతికి చేరిందో నేటికీ తెలియదు. ఆ మాట సుభాషిణికీ తెలుసు కనుక ఎదురు చెప్పలేదు. కానీ అమ్మ కుట్టుబల్ల పక్కనుండే చెక్కపీట మీద కూర్చుని, ఆది జాకెట్టు ఒళ్లో పెట్టుకుని, కాన్పుల సంగతి మొదలుకుని అన్నీ చెప్పుకునే ఆడవాళ్లు కళ్లముందు మెదిలారు. ఇప్పుడు ఆది జాకెట్టు పంపడం కూడా కుదరదు. తొడిగిన గుడ్డలో మనిషి ఆనవాళ్లుంటాయట.

అడిగింది కుట్టాలి, అడగనిది కుట్టకూడదు. అయితే కుట్టు లోపల ఎంత గుడ్డ వదలాలో చట్టం ఎక్కడా చెప్పలేదు. సుభాషిణి అంకెల ప్రకారమే కత్తిరించి, ఎడమవైపు మాత్రం లోపలి గుడ్డను ఎక్కువ వదిలి, మెత్తగా పొర మీద పొర మడిచి, అరచేతంత వెడల్పున పలచటి కుట్టు వేసింది. చీటీలూ ఆనవాళ్లూ ఉంటే పట్టేసే తనిఖీ గూటిలో పొట్లం పెట్టి, దీపం వైపే చూస్తూ నిలబడింది. పచ్చదీపం వెలిగింది.

ముప్పై రోజులు గడిచాయి. వాపసు రాలేదు. సరిపోయిందన్నమాట. ఆ ఉదయం వేపపూత 4417 చెరిగిపోయింది.

శ్రావణమాసం వస్తే మళ్లీ కుట్టించుకోకపోతుందా అని ఎదురుచూసింది. వచ్చిన ప్రతి బేరంలోనూ ముందు ఎడమవైపు కొలత చూసేది. పొట్లాలు గుట్టలుగా వచ్చాయి. అన్నీ సమానమే. దుకాణం నచ్చక ఇంకోచోటికి వెళ్లిందేమో అనుకుంది. మనిషి ఉందో లేదో అని కూడా అనుకుంది.

శ్రావణం చివరి వారంలో కరీమున్ తమ దుకాణంలోని కొలతద్దం ముందు నిలబడింది, హైదరాబాదు నుంచి బురఖా తెప్పించుకోవడానికి. కుట్టుపని చేసే మనిషి కొన్న బురఖా వేసుకోవడమేమిటని సుభాషిణి ఎద్దేవా చేసింది. ఇంకొకళ్లు కుట్టింది తొడుక్కోవాలని నాకూ ఉంటదిగా అంది కరీమున్. అద్దం అంకెలు చూపించింది. ఎడమవైపు అంగుళమున్నర ఎక్కువ.

“యా అల్లా, పర్సు,” అని కరీమున్ జాకెట్లోంచి చిల్లర పర్సు లాగి బయట పెట్టింది. “దీన్ని కూడా నా ఒళ్లే అనుకుంది మొద్దద్దం.”

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ సుభాషిణి ఆగిపోయింది.

“ఏందక్కా?”

“ఆమె కూడా నేను కుట్టిందే తొడుక్కుని నిలబడి ఉంటుంది, కరీమూ.”

తన మెత్తటి మడతను అద్దం ఒళ్లనుకుని కొలిచింది. రెండువైపులా సమానమని రాసి పంపింది. ఈ శ్రావణంలో కత్తిరించిన రెండువందల జాకెట్లలో ఒకటి ఆమెది. అంకెలు సమానంగా ఉన్నాయి కనుక తనూ సమానంగా కుట్టింది, మడతేమీ లేకుండా. ఆ ఒక్కటీ మళ్లీ ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. ఒకసారి తెలియక చేసింది, రెండోసారి మంచి చేయబోయి చేసింది. ఆమెను తెలుసుకోవడానికి మిగిలిన ఒక్క ఆనవాలునూ తన చేత్తోనే చెరిపేసుకుంది.

“వాపసు వస్తదిలే,” అంది కరీమున్ మెల్లగా. “అప్పుడు తెలుస్తది.”

దర్జీలందరూ వద్దనుకునే వాపసు కోసం సుభాషిణి రోజూ గుమ్మం వైపు చూసింది. ఒక్కటీ రాలేదు. సరిపోయి ఊరుకుందా, సర్దుకుని ఊరుకుందా?

భాద్రపదం చివరి రోజున ఆమె ముక్కల బుట్టను బల్ల మీదికి ఎత్తింది. కత్తిరించగా మిగిలిన గుడ్డను తిరిగి ఇవ్వడం దుకాణం ధర్మం, చట్టం కూడా దాన్ని కాదనలేదు. ముక్కల్ని పొర మీద పొర మడిచి, అరచేతంత చేసి, లాగితే ఊడి మళ్లీ వట్టి ముక్కలయ్యేట్టు దారంతో రెండు కుట్లు వేసింది. అట్లాంటిదొకటి ఆ రోజు వెళ్లే పదకొండు పొట్లాల్లోనూ పెట్టింది.

“ఇదెందుకని మిగతావాళ్లు అనుకోరా అక్కా? చెత్తలో పడేస్తారు,” అంది కరీమున్.

“పడేయనీ,” అని సుభాషిణి పన్నెండో జాకెట్టు గుడ్డ చేతిలోకి తీసుకుంది.