నైరుతి గోడ

ఆ ఉదయం కూడా చాయ్ పొంగింది, గొర్లు అరిచాయి, పాలవాడు కేకేశాడు. అన్నీ మామూలే. వాకిట్లో నీళ్లు మాత్రం పోలేదు. ముసురు తెరిపిచ్చినా మోకాలి దాకా అలాగే నిలిచి ఉన్నాయి.

ఆ ఇంటికి ఈశాన్యాన గుట్ట ఉంది. వాన పడితే నీళ్లు అటునుంచి దిగి, వాకిలి దాటి, నైరుతి మూల ఒర్రె కాలువలోంచి పొలాల్లోకి పోయేవి. అయితే ఆ ఇంటి కోడలు నాగరాణికి రెండుసార్లు కడుపు నిలవలేదు. నైరుతిలోంచి నీళ్లు పోతే సంతానం దక్కదని వాస్తు చూసినాయన చెప్పాడు. నీళ్లను ఈశాన్యానికి పారించమన్నాడు. గుట్ట మీదికి నీళ్లు ఎలా ఎక్కుతాయో ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

మాఘంలో నాగరాణి పట్టుబట్టి ఆ మూలకు మొరం మట్టి పోయించింది, రాతిగోడ కట్టించింది. భర్త దామోదర్ కాదనలేకపోయాడు. గోడ లేచిన నెలకే ఆమెకు నెల తప్పింది. ఇప్పుడు ఏడో నెల. ఇక ఆ గోడను అనడానికి ఇంట్లో ఎవరికి నోరొస్తుంది?

చాయ్ దించి లోపలి అర్రలోకి వెళ్లిన నాగరాణి అక్కడి వెనక మట్టిగోడను ముట్టుకుని చూసింది. వేలు మట్టిలోకి దిగిపోయింది. చప్పుడు చేయకుండా ఒక గోనెసంచి తెచ్చి తడి కనబడకుండా అడ్డం పెట్టింది.

బయటికొచ్చేసరికి మామ గుర్వయ్య గడ్డపార పట్టుకుని నైరుతి మూలకు పోతున్నాడు.

"ఏం చేస్తున్నవ్ మామా?"

"నీళ్లకు తొవ్వ ఇడుస్త బిడ్డా. ఇంకో వాన పడితే ఇల్లు నానిపోతది."

నాగరాణి ఆ బురదనీళ్లలోనే గబగబా వెళ్లి గోడకు వీపు ఆనించి నిలబడింది. "ముందు నన్ను పొడువు. తర్వాత గోడను పొడువు."

"గట్లనకు బిడ్డా. కడుపుతోనున్నవ్."

"గందుకే అంటున్న! రెండుసార్లు దవాఖాన నుంచి ఉత్త చేతులతోటి వచ్చిన. నా బాధ నీకేం తెలుసు?"

ముసలాయన చేతిలోంచి గడ్డపార నీళ్లలో పడింది. గుట్ట మీద మళ్లీ ఉరిమింది.

"మీ లొల్లి తర్వాత పెట్టుకోండ్రి," అంటూ అత్త జానమ్మ వసారాలోంచి లేచింది. "దొడ్డి మునిగిందని గొర్రెపిల్లలను ఇప్పుడే లోపటి అర్రల కట్టేసిన. ఒక్కటే అరుస్తున్నయ్. జర చూసొస్త."

నాగరాణి గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకేసింది. చెబితే తన గోడ ఉండదు. చెప్పకపోతే? జానమ్మ గడప దాకా వెళ్లనే వెళ్లింది.

"అత్తమ్మా, లోపలికి పోకు! ఎనక గోడ నానింది! పొద్దుగాలనే చూసిన. చూసి సంచి అడ్డం పెట్టిన!"

జానమ్మ గడప మీదే ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరిగేలోపే గోడ దభీమని లోపలికి కూలింది. గొర్రెపిల్లల్లో ఒకటి ఇక అరవలేదు.

ఎవరైనా తిట్టినా బాగుండు అనిపించింది నాగరాణికి. ఏడుస్తూ వంగి, నీళ్లలో తడిమి గడ్డపార తీసి మామ చేతికిచ్చింది.

"కొట్టు మామా."

గుర్వయ్య కొట్టాడు. అడుగు రాయి కదలగానే ఎర్రటి నీళ్లు మొరాన్ని కోసుకుంటూ పొలాలకేసి దూకాయి. కోడలిని జానమ్మ దగ్గరికి తీసుకుంది.

"నీ పెనిమిటి పుట్టిననాడు గూడ గా ఒర్రె నిండ పారింది బిడ్డా."

"ముందే ఎందుకు చెప్పలే అత్తమ్మా?"

"రెండుసార్లు ఏడ్చినదానివి. నీకేమని చెప్పాలె?"

నీళ్లు పోతున్నంతసేపూ నాగరాణి రెండు చేతులతో కడుపు పట్టుకునే ఉంది. భయం పోలేదు. ఆ చేతుల మీద అత్త తన చేయి వేసింది. లోపల బిడ్డ ఒక్కసారి కదిలింది. అది ఇద్దరికీ తెలిసింది.