అక్క ముందు ఆవలింత

ఆదివారం పొద్దున్న టీ కప్పు నోటి దాకా వచ్చిందో లేదో, తమ్ముడికి ఆవలింత ముంచుకొచ్చింది. పళ్లు బిగించాడు. ముక్కుపుటాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, చెవులు కూడా కాస్త కదిలాయి. నోరు మాత్రం తెరవలేదు. ఎదురుగా అక్క కూర్చుని రొట్టెకు వెన్న రాస్తోంది మరి.

"ఏమిట్రా?" అంది అక్క, తలెత్తకుండానే.

"ఏం లేదక్కా. టీ వేడిగా ఉంది."

"అది చల్లారి చాలాసేపైంది." చాకు పక్కన పెట్టి అతని కళ్లలోకి సూటిగా చూసింది. "రాత్రి నిద్రపోయావా?"

"ఇవాళ ఒక సోఫా ఇవ్వాలక్కా. గుడ్డ బిగించేసరికి ఆలస్యమైంది."

పాత సోఫాలకు కొత్త గుడ్డ వేయడం అతని పని. ఊళ్లోవాళ్లందరికీ మెత్తటి కుర్చీలు చేసిపెట్టే మనిషి, అక్క ఇంట్లో మాత్రం ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంటాడు. ఎందుకంటే ఒకప్పుడు అతను హెరాయిన్‌కు బానిస. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు. "తమ్ముడికి జ్వరం వచ్చినప్పుడు" అంటారు. ఆ జ్వరం తగ్గి పదకొండేళ్లయింది.

సరుకు అందనప్పుడు మొట్టమొదట వచ్చేది ఆవలింతే. ఆ తర్వాత ముక్కు కారుతుంది, తుమ్ములు మొదలవుతాయి. అవన్నీ దగ్గరుండి చూసింది కాబట్టి, అతను నోరు తెరిస్తే చాలు అక్క గుండె ఇప్పటికీ గుభేలుమంటుంది. అతనికి జలుబు చేస్తే ఇక ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అక్క ముందు నోరారా ఒక్కసారి ఆవలించాలి, ఆవిడ భయపడకూడదు. వింటే నవ్వొస్తుంది గానీ, అతనికి అంతకంటే పెద్ద కోరిక లేదు.

"అందరూ తిన్నారా? అయితే సినిమా వేస్తున్నా!" అంటూ మేనకోడలు హాల్లో టీవీకి వైర్లు తగిలించింది. సినిమా చదువు చదివి, తొలిసారి ఒక చిన్న సినిమా తీసింది. రేపు దాన్ని పోటీకి పంపాలి. ఇంట్లో ఆమె పేరు ఎప్పుడో డైరెక్టరమ్మగా మారిపోయింది.

"ఇంతకీ ఎలాంటి సినిమా?" అంది అక్క.

"డార్క్ కామెడీ అమ్మా."

"అంటే? లైట్లు లేకుండా తీశారా?"

"కాదమ్మా! ఏడవాల్సిన చోట నవ్వించడం."

"అది మీ నాన్న పెళ్లైన దగ్గర్నుంచీ చేస్తున్నారు," అంది అక్క. బావ పేపరు వెనక నుంచి బయటికి రాలేదు.

సినిమా మొదలైంది. మొదటి మాటల్లోనే హీరో నోట హెరాయిన్ అని వినిపించింది. అక్క ఒళ్లు బిగుసుకుపోయింది. తమ్ముడు టీవీ మానేసి అక్క మొహమే చూస్తున్నాడు. తెర మీద ఒంటరి హీరో ఒక గదిలో తలుపేసుకున్నాడు. గోడ గడియారం అతన్ని తిట్టింది. మంచం కింద నుంచి ఒంటె వచ్చింది. గోడల మీద పాములు పాకాయి. హీరో అరిచాడు, కుర్చీలు విరగ్గొట్టాడు, తెల్లారేసరికి హెరాయిన్ మానేశాడు. గడ్డం గీసుకుని, ఈల వేసుకుంటూ ఎండలోకి నడిచి వెళ్లిపోయాడు.

సినిమా అయిపోయాక బావ పేపరు కాస్త కిందికి దించాడు.

"ఒంటె బాగుంది," అన్నాడు బావ.

"మీరు ఊరుకోండి." అక్క కూతురి వైపు తిరిగింది. "ఏమే, ఎవరి కథే ఇది?"

"మావయ్యదే అమ్మా. మావయ్యను అడిగే తీశాను. అన్నీ తనే చెప్పాడు."

"చెప్పాడా? ఏరా, నీకు ఒంటె ఎప్పుడు కనబడిందిరా?"

"ఒంటె డైరెక్టరమ్మ కల్పన అక్కా," అన్నాడు తమ్ముడు నేల చూపులు చూస్తూ. "నేను చెప్పింది పాముల వరకే."

"పాములా? ఒక్క పాము లేదు, దాని తోకా లేదు! ఆవలించావు, తుమ్మావు, నీ ముక్కు కారీ కారీ నా తువ్వాళ్లన్నీ నాశనమయ్యాయి. పొట్ట పట్టుకుని బాత్రూంకి పరిగెత్తేవాడివి, సగం సార్లు అందుకోలేకపోయేవాడివి. దుప్పట్లు ఉతికింది ఎవరనుకున్నావు, ఒంటెనా?"

పేపరు వెనక నుంచి ఏదో చప్పుడు వచ్చింది. బావ దగ్గినట్టు నటించాడు.

"తెల్లారేసరికి మానేశాడట! మానేశానని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఎన్నిసార్లు ఒట్టేశావురా? ఎన్నిసార్లు మళ్లీ మొదలెట్టావు? ఆస్పత్రికి ఎన్నిసార్లు లాక్కెళ్లాను?"

మేనకోడలు మొహం చిన్నబోయింది. "మావయ్యా, నాకు అబద్ధాలు చెప్పావా?"

"అబద్ధం కాదే, కాస్త ఉప్పూకారం చల్లాను. ముక్కు కారే హీరోను ఎవరు చూస్తారు చెప్పు?"

"అమ్మా, పరువు పోతుందని కోపమైతే పంపడం మానేస్తాను," అంది పిల్ల. చెప్పేసరికే ఆమె కళ్లు నిండాయి.

"పరువెవడికి కావాలే!" అక్క గబుక్కున లేచింది. "ఆ గదిలో వాడొక్కడే ఉన్నాడేం? తలుపు బయట ఎవరూ లేరా? లోపల వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో అని తలుపుకు చెవి ఆనించి కూర్చున్న మనిషి ఎక్కడే? నేనెక్కడ?"

ఆ మాటకు తమ్ముడు తలెత్తి అక్కను చూశాడు. అక్కకు సిగ్గుచేటని కోపం వస్తుందనుకున్నాడు. ఆవిడ బాధ ఇదని అతను కల్లో కూడా అనుకోలేదు.

"నేనే తీసేశానక్కా," అన్నాడు మెల్లగా. "నిన్ను పెడితే నేను నీకు చేసినవన్నీ పెట్టాలి. కుక్కర్ సంగతి కూడా."

"కుక్కర్ ఏంటి?" అంది మేనకోడలు.

"మీ అమ్మ కుక్కర్ ఎత్తుకెళ్లి పాత సామాన్ల కొట్లో అమ్మేశాను. కానీ విజిల్ మాత్రం తీసి అరలో పెట్టి వెళ్లాను. పాపం, అక్కకు ఏదో ఒకటి మిగలాలి కదా అని. అప్పట్లో నా మంచితనం ఆ మాత్రం ఉండేది."

పేపరు కింద పడింది. బావ బాహాటంగానే నవ్వుతున్నాడు. అక్క పెదవులు బిగించింది గానీ, అవి మాట వినలేదు.

"ఆ తర్వాత జరిగింది వీడికి తెలీదు," అంది. "మర్నాడు నేను ఆ కొట్టుకే వెళ్లాను. కొట్టతను కుక్కర్ చూపించి, 'మంచి సరుకమ్మా, విజిల్ ఒక్కటే లేదు' అన్నాడు. 'పర్లేదు బాబూ, విజిల్ నా దగ్గరుందిలే' అన్నాను."

ఇల్లు దద్దరిల్లింది. మేనకోడలు నేల మీద కూలబడి నవ్వింది. అక్క చెంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తమ్ముడు ఒక్కడే నవ్వడం సగంలో ఆపేశాడు.

"అంటే, ఇప్పుడు వంటింట్లో ఉన్నది?"

"అదే. పిడి మార్పించాను, నువ్వు గుర్తుపట్టకుండా."

ఇన్నేళ్లుగా అతను తింటున్నది ఆ కుక్కర్లో వండిన అన్నమే. ఏడుపు ఆగలేదు. "ఎందుకు చెప్పలేదక్కా?"

"చెబితే నీకు ముద్ద దిగేదిట్రా?" అంది అక్క.

మేనకోడలు కళ్లు తుడుచుకుని టీవీ ఆపేసింది. "రేపు పంపడం లేదు. వచ్చే ఏడాది చూద్దాం. మళ్లీ తీస్తాను, తలుపు బయట నుంచి. ముక్కు కారడం, తువ్వాళ్లు, కుక్కర్, అన్నీ ఉంటాయి. పాములు కట్, ఒంటె కట్."

"ఒంటెను ఉంచవే," అన్నాడు బావ.

"అమ్మా, నీ వేషం ఎవరితో వేయించను?"

"నేనే వేస్తాను. నా కుక్కర్ ఇంకెవరి చేతికీ ఇవ్వను."

తమ్ముడు సోఫాలో వెనక్కి వాలాడు. అతను స్వయంగా గుడ్డ వేసిన సోఫాయే, ఇన్నాళ్లూ అంచు మీదే కూర్చునేవాడు. ఏడ్చి, నవ్వి ఒళ్లు తేలికైంది. అంతలో పొద్దున మింగేసిన ఆవలింత మళ్లీ పైకొచ్చింది. ఈసారి పళ్లు బిగించలేదు. నోరు బార్లా తెరిచి, చప్పుడు చేస్తూ, కడుపారా ఆవలించాడు.

హాల్లో అందరూ బిగుసుకుపోయారు. అక్క అతన్నే చూసింది. అలవాటుగా చెయ్యి గుండె మీదికి వెళ్లింది, కాసేపటికి అదే దిగింది.

"ఆ నోట్లో కుక్కర్ పట్టేలా ఉంది," అంది. "వెళ్లి పడుకోరా. విజిల్ వచ్చాక లేపుతాను."

అంటూనే ఆవిడా ఆవలించింది. తమ్ముడు లేవబోయినవాడు ఆగి, అక్క కళ్లలోకి సూటిగా చూశాడు.

"అక్కా, రాత్రి నిద్రపోయావా?"