అన్నయ్యకు వెళ్తున్న మెయిళ్లు

మధ్యాహ్నం మూడింటికి వదిన నా షాపుకొచ్చింది. కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు నాది. బయట మబ్బు పట్టి లోపల చీకటిగా ఉంది. టంకం వాసన, పాత ఫ్యాన్ల దుమ్ము వాసన. ల్యాప్‌టాప్‌ని పసిపిల్లను దించినట్టు బల్ల మీద పెట్టింది. అన్నయ్య పోయి నాలుగు నెలలు. అప్పటి నుంచి ఆమె గొంతు పెంచి మాట్లాడింది లేదు.

"ఊరికే వేడెక్కిపోతోంది చిన్నా. నేనేమీ చెయ్యకపోయినా లోపల ఏదో పని చేసుకుంటున్నట్టుంది."

వదిన ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తుంది. ఇల్లు ఇప్పుడు ఆ పని మీదే నడుస్తోంది.

"టైపు చేస్తుంటే ఎవరో పక్కన నిలబడి చదువుతున్నట్టుంటుంది," అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

వెతికాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఎక్కడ వెతకాలో నాకు తెలుసు గనక. ప్రింటర్ తాలూకు పేరు పెట్టుకుని మిగతా ప్రోగ్రాముల మధ్య నక్కి ఉంది. స్పైవేర్. నొక్కిన ప్రతి అక్షరాన్నీ రాసుకుని గంటకోసారి ఒక మెయిల్‌కి పంపుతుంది.

దానికా పేరు పెట్టింది నేనే. మూడేళ్ల కిందట అన్నయ్య వచ్చి, "మీ వదిన ఎవరికేం రాస్తోందో నాకు తెలియాలిరా," అన్నాడు. వద్దని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అన్నయ్యకి ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు.

ఆ మెయిల్ పాస్‌వర్డ్ అన్నయ్యకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. వదిన మంచినీళ్లకు లేచినప్పుడు షాపు కంప్యూటర్లో తెరిచి చూశాను. వేల మెయిళ్లు. అన్నయ్య పోయాక వచ్చినవి కూడా... ఎవరో తెరిచి చదివినవే. ఆఖరిది ఆ పొద్దున వచ్చింది.

అదీ చదివేసి ఉంది.



"ఏముంది?" వదిన నా వెనకే నిలబడి ఉంది. గబుక్కున పేజీ మూసేశాను.

"స్పైవేర్ వదినా. ఉచితంగా వచ్చే ప్రోగ్రాములు దించుకుంటే వాటి వెంట వచ్చేస్తుంటాయి."

"దానంతట అదే వచ్చిందా? ఎవరైనా పెట్టారా?"

"ఏమో... తెలీదు."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది.

నెట్ తీసేశాను. ఆమె ఫైళ్లు మాత్రం విడిగా దాచి, డిస్కు మొత్తం తుడిచి, అన్నీ కొత్తగా ఎక్కించాను. పాస్‌వర్డులన్నీ వేరే కంప్యూటర్ నుంచి మార్పించాను. "తెలియని లింకులు నొక్కకు. అప్‌డేట్ అడిగితే వాయిదా వెయ్యకు. దీన్ని ఎవరి చేతికీ ఇవ్వకు," అన్నాను.

"నీ చేతికి కూడానా?" అంది.

జోకే అనుకున్నాను.

ఆమె వెళ్లాక అన్నయ్య మెయిల్ ఖాతా శాశ్వతంగా తీసేశాను. అయినా రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు పొద్దున, నిజం చెప్పేద్దామని ఫోన్ చేశాను.

"బాగానే పనిచేస్తోంది చిన్నా. వేడెక్కడం లేదు."

"వదినా, ఆ రోజు ఆ ప్రోగ్రాం..."

టక టక టక. ఫోన్లో కీల చప్పుడు.

"కాస్త టైపు చెయ్యడం ఆపు వదినా. నీకో మాట చెప్పాలి."



"నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను," అంది మెల్లగా. "కంప్యూటర్ కింద ఉంది. గదికి తాళం వేసి వచ్చాను."

"మరి ఆ చప్పుడు?"

టక టక టక.

"ఏ చప్పుడు?"

అప్పుడు గమనించాను. ఆమె మాట్లాడితే ఏమీ లేదు. నేను నోరు విప్పితే మొదలవుతోంది... ఆపితే ఆగిపోతోంది. నేనన్న మాటలన్నీ ఎవరో కూర్చుని టైపు చేసుకుంటున్నట్టు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

"అది పెట్టింది నేనే," అన్నాను. "అన్నయ్య అడిగాడని... నేనే పెట్టాను వదినా."

కీలు గబగబా మోగాయి. ఆగాయి.

గాలికి తడిబట్టలు కొట్టుకుంటున్నాయి. ఆమె ఊపిరి వినిపిస్తోంది. నేను నోరు మెదపలేదు.

అయినా చప్పుడు మళ్లీ మొదలైంది. ఈసారి నిదానంగా... అచ్చం అన్నయ్యలా ఒక్కో కీ వెతుక్కుని నొక్కుతున్నట్టు... జవాబుగా ఒక్క మాటకు సరిపడా.