ఆరు టిక్కులు

"ఈ టిక్కులు ఎవరు పెట్టిన్రు టీచరమ్మా? నాకు పేరు కావాలె!"

సుమిత్ర ఫైల్లోంచి అప్పుడే తీయించిన కొడుకు కార్డును టేబుల్ మీద కొట్టింది. గుడ్ల ట్రే కదిలింది. అంగన్‌వాడీలో చాప మీద కూర్చున్న పిల్లలంతా ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ రవళి ఒక అడుగు వెనక్కి వేసింది.

రవళి సుమిత్ర కూతురు. పదేళ్లు. ఐదో తరగతి. ఆ రోజు రెండో శనివారం, బడి లేదు. అమ్మ రమ్మంటే వచ్చింది. చంకలో తమ్ముడు జైపాల్ ఉన్నాడు. వాడికి ఏడాదీ ఎనిమిది నెలలు. అమ్మ అంత గట్టిగా అరుస్తున్నా, వాడు మాత్రం అక్క జడ రిబ్బన్ లాగుతూ ఆడుకుంటున్నాడు.

వనజ టీచర్ కార్డు తెరిచింది. ఏ వయసు పిల్లలు ఏమేం చేయాలో అందులో బొమ్మలతో ఉంటుంది. చేస్తే పక్క గడిలో టిక్కు పెట్టాలి. జైపాల్ పేజీలో ఆరు గడులు. ఆరింటిలోనూ టిక్కులున్నాయి.

"పిలిస్తే తిరుగుతడట! మాటలు మాట్లాడుతడట! కింద సంతకం మీదే గద?" అంది సుమిత్ర. "నిన్న జలుబని బీరంగూడలో డాక్టరుకు చూపెట్టిన. వీనికి సరిగ్గ వినవడ్తలేదన్నడు. చెవుల లోపట నీళ్లు చేరినయేమో అన్నడు. సోమవారం పెద్ద దవాఖానల టెస్టు. ఇన్ని దినాలు ఎందుకు తీస్కరాలేదని నన్ను తిట్టిండు. నేనేం చెప్పాలె?"

టీచర్ కుర్చీ ముందుకు జరిపింది.

"జెర కూసో సుమిత్రా. సంతకం నాదే. టిక్కులు నావి కావు. ఇంట్ల అమ్మానాయినలు చూసి పెట్టాలని రెండు నెలల కింద కార్డులన్ని ఇండ్లకు పంపిన. నువ్వే పెట్టినవనుకున్న."

"నేనా? ఈ కార్డును ఇయ్యాలనే చూస్తున్న!"

"నేనెందుకు అబద్ధం చెప్త?"

"నేను చెప్తున్ననా మరి?"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ సంగతి ఆ గదిలో ఒక్క రవళికే తెలుసు.

రెండు నెలల కింద ఒక సాయంత్రం. రవళి నాలుగున్నరకు బడి నుంచి వచ్చింది. పక్క రూం భాభీ దగ్గర నుంచి తమ్ముణ్ణి తీసుకుంది. భాభీ వాడితోపాటు ఈ కార్డు కూడా ఇచ్చింది. "లే బేటా, మమ్మీకో దేనా" అంది, అమ్మకివ్వమని.

మమ్మీ ఎక్కడుంది? సుమిత్రది జిన్నారం వైపు మందుల కంపెనీలో సెకండ్ షిఫ్టు. మధ్యాహ్నం బస్సెక్కితే రాత్రి పదిన్నరకు దిగుతుంది. నాయిన లారీ డ్రైవర్. వారానికి ఒక్కసారి వస్తే గొప్ప.

గొళ్లెం పెట్టుకోవాలి, ఎవరు పిలిచినా తీయొద్దు. అది అమ్మ పెట్టిన రూలు. బయట ట్యాంకర్లు పోతుంటే తలుపు గడగడలాడేది. లోపల రవళి తమ్ముడికి బడి కబుర్లన్నీ చెప్పేది. లెక్కల సార్ కొత్త చెప్పులు. లంచ్‌లో కారం ఎక్కువైన పప్పు. వాడు నవ్వేవాడు. తిరిగి ఒక్క మాటా అనేవాడు కాదు.

ఆ సాయంత్రం రవళి కార్డు చదివింది. ఆటలా అనిపించింది. పెన్ను తీసుకుంది.

పట్టుకోకుండా నడుస్తాడా? జైపాల్ తలుపు నుంచి గ్యాస్ పొయ్యి దాకా తపతపా నడిచాడు. టిక్కు.

చిన్న వస్తువును రెండు వేళ్లతో తీస్తాడా? ఒక మరమరం కింద వేసింది. వాడు తీసి నోట్లో వేసుకున్నాడు. టిక్కు.

వెనక నుంచి పిలిస్తే తిరుగుతాడా?

రవళి వాడి వెనక్కి వెళ్లింది. "జైగా!" అంది. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. తిరగలేదు. చప్పట్లు కొట్టింది. వాడు చెంచాతో నేల మీద గీతలు గీసుకుంటూనే ఉన్నాడు.

పెన్ను ఆగిపోయింది.

ముక్కు ఏది అంటే చూపిస్తాడా? లేదు. చెప్పిన పని అర్థమవుతుందా? లేదు. రెండు మూడు మాటలు పలుకుతాడా? లేదు.

అంతకు ముందు ఆదివారమే అమ్మ ఫోన్‌లో అమ్మమ్మతో అన్న మాట రవళికి గుర్తొచ్చింది. "పిలగానికి ఏమన్న తేడా ఉంటే ఊళ్లె నీ కాడనే ఇడిచిపెడ్తనే. డ్యూటీ చేసుకుంట దవాఖానల చుట్టు తిరుగుడు నాతోని కాదు."

వాడు ఊరెళ్లిపోతే? రూంలో ఫ్యాను. గొళ్లెం. తను. అంతే.

రవళి మిగతా నాలుగు గడుల్లోనూ టిక్కులు పెట్టేసింది. పొద్దున బడికి పోతూ కార్డును అంగన్‌వాడీ టేబుల్ మీద పడేసి పరుగెత్తింది. ఎవరూ చూడలేదు.

"ఏంది ఈ లొల్లి?"

గుమ్మంలోకి సూపర్‌వైజర్ ప్రియాంక మేడం వచ్చింది. ఇద్దరి మాటలూ విన్నది. కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. పోలీసులా ఒక్కో ప్రశ్నే అడిగింది.

"వనజగారూ, కార్డు ఎవరి చేతికిచ్చిన్రు?"

టీచర్ కళ్లు మూసుకుని ఆలోచించింది. "ఆ దినం పిలగాణ్ని తీస్కపోయింది పక్క రూం ఆమె మేడం. బిహార్ ఆమె."

సుమిత్ర ఎగిరిపడింది. "భాభీయా! ఆమెకు తెలుగు చదువుడే రాదు. ఇష్టమొచ్చినట్టు గీకి ఇచ్చినట్టుంది. ఇగ నా పిలగాణ్ని ఆమె కాడ ఇడువ!"

రవళి తమ్ముణ్ణి కిందికి దింపింది. తన తప్పుకు ముందు టీచర్ మాటలు పడింది. ఇప్పుడు భాభీ. కిటికీలోంచి వేడి రొట్టె అందించి "ఖా లే" అని తినిపించే భాభీ.

జైపాల్ వెళ్లి చాప మీద కూర్చున్నాడు. గోడవైపు తిరిగి చెక్క ముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

అప్పుడే వెనకాల ఒక పాప చేతిలోంచి స్టీలు ప్లేట్లు జారాయి. గది అదిరిపోయింది. పిల్లలందరూ ఉలిక్కిపడ్డారు. ఒకడు ఏడ్చాడు కూడా.

జైపాల్ నాలుగో ముక్క జాగ్రత్తగా పెట్టాడు. వెనక్కి చూడలేదు.

సుమిత్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడం గొంతు మారింది. "ఎప్పటి సంది గిట్లున్నడమ్మా?"

"తెల్వది మేడం," అంది సుమిత్ర. " పొద్దుగాల కొంచెం సేపే నా తాన ఉంటడు. ముందట కూసొని ఆడిస్త. ముఖం చూసి నవ్వుతడు. వానికి వినవడ్తుందనే అనుకున్న."

"సోమవారం డాక్టరు మొదట అడిగేది గదే. ఎప్పటి సంది, ఏ దిక్కు నుంచి పిలిస్తే పలుకుతలేడు అని. సరిగ్గ చెప్తే మందు జల్దీ దొరుకుతది." మేడం కాగితం తీసి పెన్ను మూత విప్పింది. "సరే, తప్పు ఎవరిదో నేను రాయాలె. వేరే ఎవరూ లేకుంటే టీచర్ పేరే రాస్త."

వనజ టీచర్ తల దించుకుంది.

రవళి ఆ పెన్ను వైపే చూస్తోంది. చెబితే తమ్ముడు ఊరు బస్సెక్కుతాడు. చెప్పకపోతే టీచర్ పేరు పడుతుంది. దానికంటే పెద్దది ఇంకొకటుంది. డాక్టరుకు కావలసిన జవాబులు ఈ గదిలో అమ్మకు తెలియవు, టీచరుకు తెలియవు. తను నోరు మూసుకుంటే జైపాల్ చెవుల గురించి చెప్పేవాళ్లు ఈ లోకంలో ఇంకెవరూ లేరు.

"మేడం, టీచర్ పేరు రాయకున్రి. భాభీ పేరు గూడ వద్దు."

"నువ్వు నడుమల రాకే," అంది సుమిత్ర.

రవళి ఆగలేదు. ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు.

"మొదటి వానలు పడ్డప్పుడు వానికి జోరుగ జలుబైంది గదమ్మా. దానికి ముందు నన్ను 'అక్క' అనేటోడు. తర్వాత బంద్ చేసిండు. కుడి దిక్కు కూసొని గట్టిగ పిలిస్తే కొంచెం తిరుగుతడు. ఎడమ దిక్కు పిలిస్తే అసలే తిరుగడు."

సుమిత్ర కూతురి వైపు వింతగా చూసింది. "నీకెట్ల తెలుసే?"

"రోజు వానితోని మాట్లాడేది నేనే గద." రవళి కార్డు వైపు వేలు చూపించింది. "ఆ కార్డు నాకే ఇచ్చింది భాభీ. నీకియ్యమన్నది. నేనే చదివి ఒక్కొక్కటి చేయించి చూసిన. రెండే చేసిండు. వాణ్ని అమ్మమ్మ కాడ ఇడిచిపెడ్తవని భయమైంది. రూంల నేనొక్కదాన్నే ఉండాలె గదమ్మా."

సుమిత్ర వెళ్లి జైపాల్ పక్కన చాప మీద కూర్చుంది.

మేడం చేతిలో పెన్ను కాగితం మీద అలాగే ఆగి ఉంది. "మరి ఈ ఆరు టిక్కులు?"

రవళి అమ్మ ముఖంలోకి సూటిగా చూసింది.

"నేనే పెట్టిన మేడం. నా పేరు రవళి. నా పేరే రాయున్రి."